‘కార్మిల్లా’ సగం నచ్చింది, సగం విసుగొచ్చింది: లోపం నాలోనా, నవలలోనా?

అనంతపురం నుంచి ఒకరు అడిగిన ప్రశ్న ఇది. షెరిడన్ లె ఫాను రాసిన ‘కార్మిల్లా’ అనే రక్తపిశాచి కథ, చిన్న నవల, చదివారట. మొదటి సగం కింద పెట్టబుద్ధి కాలేదు. జనరల్ గారు తన గోడు మొదలుపెట్టిన దగ్గర్నుంచి ఆవలింతలు. చివర్లో ఎవరో బ్యారన్ ఊడిపడి నాలుగు మాటల్లో అన్నీ తేల్చేశాడు, హడావుడిగా ముగించేశారు. కార్మిల్లా పిశాచమని మనకు ముందే తెలిసిపోయినా, ఆమెను ఇంట్లో అతిథిగా ఉంచుకుని ఈ కథ చెప్పే లారాకు ఎంతకీ తెలియకపోవడం చూసి ఒళ్లు మండిందట. “అందరూ క్లాసిక్ అంటున్నారు, నాకే అర్థం కాలేదా సార్? దీని తర్వాత ఇలాంటివి ఇంకేమైనా చదవమంటారా, మానేయమంటారా?” అని అడిగారు.

మీకు బాగానే అర్థమైంది. నచ్చిన సగం నిజంగానే బాగుంది, విసుగొచ్చిన సగంలో నిజంగానే లోపాలున్నాయి. రెండింటికీ కలిపి ఒకే మార్కు వేయాలనుకోవడం వల్లే ఈ తికమక. ఒక్క విషయంలో మాత్రం మీతో ఏకీభవించను. లారా తెలివితక్కువది కాదు. ఈ పుస్తకంలో భయం “ఆ పిల్ల పిశాచమా కాదా” అన్న ప్రశ్నలో లేదు. ఆ పిల్లంటే లారాకు ఇష్టం ఉండటంలో ఉంది. అది పట్టుకుని చదివితే మొదటి సగం మీరనుకున్న దానికన్నా గొప్పగా కనిపిస్తుంది. రెండో సగం ఎక్కడ చెడిందో కూడా సరిగ్గా తెలుస్తుంది.

నేను కడపలో డిగ్రీ పిల్లలకు ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యాను. ఇది సిలబస్‌లో ఎప్పుడూ లేదు. అయినా చాలా బ్యాచ్‌లతో చదివించాను. చిన్నది, కాపీరైట్ బెడద లేదు, జిరాక్స్ ఖర్చు తక్కువ. మీరు చెప్పిన కంప్లయింటే దాదాపు ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరు చెప్పేవాళ్లు. కాబట్టి కంగారు పడకండి, మీరు ఒంటరి కాదు.

ముందు లారా సంగతి. మొదటి అధ్యాయం మళ్లీ తీయండి. ఆరేళ్ల పిల్ల రాత్రి మెలకువ వచ్చి చూస్తే గదిలో ఆయా లేదు. మంచం పక్కన ఒక అందమైన అమ్మాయి మోకాళ్ల మీద కూర్చుని, చేతులు దుప్పటి కింద పెట్టుకుని తననే చూస్తోంది. ఆ అమ్మాయి నిమిరి, పక్కన పడుకుని, దగ్గరకు తీసుకుంటుంది. పిల్ల హాయిగా నిద్రపోతుంది. ఉన్నట్టుండి ఎదలో రెండు సూదులు ఒక్కసారే దిగినట్టు నొప్పి. కేక పెడుతుంది. ఆ అమ్మాయి నేల మీదికి జారిపోతుంది, మంచం కిందికి దూరిందేమో అనుకుంటుంది పిల్ల. పనివాళ్లు పరుగెత్తుకొచ్చి గదంతా వెతుకుతారు, ఎవరూ దొరకరు. అప్పుడు వాళ్లలో ఒకామె పక్క మీద గుంట పడ్డచోట చెయ్యి పెట్టి చూడమని ఇంకొకామె చెవిలో చెబుతుంది. ఇక్కడెవరో పడుకున్నారు, ఇంకా వెచ్చగానే ఉంది అని.

ఆ మాట పిల్ల వింది. తర్వాత జరిగింది చూడండి. తండ్రి వచ్చి నవ్వి, భుజం తట్టి, అది కలేలేమ్మా అంటాడు. పనామె ఒకతె, నీ పక్కన పడుకున్నది నేనే, నిద్రమత్తులో నన్ను పోల్చుకోలేదు అని సర్దిచెబుతుంది. పిల్లకు తెలుసు అది అబద్ధమని. ఇంట్లో అందరూ కలిసి ఆ పిల్ల కళ్లారా చూసినదాన్ని కాదనేశారు.

ఏళ్లు గడిచాక, లారాకు పంతొమ్మిదేళ్లప్పుడు, కోట ముందు ఒక బండి తిరగబడుతుంది. అందులోంచి దింపిన అమ్మాయికి అచ్చం అదే ముఖం. లారా భయంతో బిగుసుకుపోతుంది. అప్పుడు కార్మిల్లా ఏమంటుంది? పన్నెండేళ్ల కిందట నీ ముఖం నాకు కలలో కనిపించింది అంటుంది. లారా నోరు తెరవకముందే, తనంతట తానే. ఇన్నేళ్లలో “నువ్వు చూసింది నిజమే” అన్నట్టు మాట్లాడిన మనిషి లారాకు ఈమె ఒక్కతే. ఇక నమ్మకుండా ఎలా ఉంటుంది? మీరైనా నమ్ముతారు, నేనైనా నమ్ముతాను.

దీనికి తోడు ఆ ఇల్లు ఎక్కడుందో చూడండి. ఆస్ట్రియాలోని స్టిరియా, చుట్టూ అడవి. మనుషులున్న ఊరు ఒకవైపు 7 మైళ్లు, జనరల్ గారి ఇల్లు ఇంకోవైపు దాదాపు 20 మైళ్లు, పడమట 3 మైళ్లలో ఉన్న కార్న్‌స్టైన్ ఊరు పాడుబడిపోయింది. ఇంట్లో ముసలి తండ్రి, ఇద్దరు పెంపకపు టీచరమ్మలు, పనివాళ్లు. ఈడు పిల్ల ఒక్కతీ లేదు. ఒకసారి క్లాసులో ఈ భాగం చెబుతూ, కోట అనగానే మన గండికోట గుర్తొస్తుందా అని అడిగాను. జమ్మలమడుగు వైపు పిల్లాడొకడు లేచి, “గండికోటలో భయమెందుకు సార్, లోపల ఊరుంది, జనం కాపురాలుంటారు” అన్నాడు. వాడికి తెలియకుండానే అసలు సంగతి చెప్పేశాడు. కూలిన గోడలూ గబ్బిలాలూ కాదు ఈ కథలో భయం. పలకరించే మనిషి లేకపోవడం. అలాంటి ఇంటికి ఈడు పిల్ల అతిథిగా వస్తే, ఆమె ఎక్కడినుంచి వచ్చిందో చెప్పకపోయినా పర్వాలేదనిపిస్తుంది.

లారాకు ఏమీ అనుమానం రాలేదనడం కూడా సరికాదు. అన్నీ గమనిస్తుంది, అన్నీ మనకు చెబుతుంది. కార్మిల్లా రాత్రి గది తలుపు గడియ పెట్టుకుంటుంది. మధ్యాహ్నం ఒంటిగంట దాటితే గానీ కిందికి రాదు. ఒక కప్పు చాక్లెట్ తాగుతుంది, ఇంకేమీ ముట్టదు. కొద్ది దూరం నడిస్తే అలసిపోతుంది. ఊళ్లో చనిపోయిన పిల్ల శవయాత్ర వెళ్తూ పాట పాడుతుంటే లారా గొంతు కలుపుతుంది. కార్మిల్లా ముఖం మాడిపోయి, ఒళ్లంతా వణికి, చెవులు చిల్లులు పడుతున్నాయని కసురుకుంటుంది. తాయెత్తులమ్మే గూనివాడు కిటికీ కింద నిలబడి, ఆ అమ్మగారి పళ్లు సూదిగా ఉన్నాయి, అరగదీస్తాను అన్నప్పుడు కార్మిల్లాకు వచ్చిన కోపం చూడాలి. అయినా ఇద్దరూ అతని దగ్గర తాయెత్తులు కొన్నారు! కార్మిల్లా తర్వాత దాని గురించి, మందు పొగ పట్టించి ఉంటారు, మలేరియాకు పనిచేస్తుంది అని తీసిపారేస్తుంది. తాయెత్తు కట్టుకున్న పిశాచం సైన్సు మాట్లాడుతుంది. ఈ చోట క్లాసు ప్రతిసారీ నవ్వేది.

లారా ఏమంటుందంటే, ఆమెను చూస్తే నాకు ఆరాధన, దాంతోపాటే అసహ్యం, రెండూ ఒకేసారి కలిగేవి అంటుంది. కార్మిల్లా తనను దగ్గరకు లాక్కుని, నువ్వు నాదానివి అని గుసగుసలాడేటప్పుడు విడిపించుకోవాలని ఉంటుంది, ఒంట్లో శక్తి ఉండదు. 1872లో ఒక ఆడపిల్ల ఇంకో ఆడపిల్ల మీద పెంచుకున్న మోహాన్ని ఇంత దగ్గరగా రాయడం చిన్న విషయం కాదు. మీకు సగం నచ్చి, సగం విసుగొచ్చింది అన్నారే, లారాకూ అచ్చంగా అలాగే ఉంది. ఆ తికమక మీలోకి ఎక్కిందంటే రచయిత తన పని తాను చేశాడన్నమాట.

మనకు ముందే తెలిసిపోవడం గురించి రెండు ముక్కలు. ఇది 1871 చివర్లో ‘ది డార్క్ బ్లూ’ అనే పత్రికలో సీరియల్‌గా మొదలై 1872లో ముగిసింది, అదే ఏడాది ‘ఇన్ ఎ గ్లాస్ డార్క్‌లీ’ అనే సంపుటిలో చేరింది. ‘డ్రాక్యులా’ వచ్చింది 1897లో, అంటే పాతికేళ్ల తర్వాత. రక్తపిశాచి కథలు అంతకు ముందూ ఉన్నాయి, కాదనను. కానీ సినిమాల పుణ్యమా అని మనకు కంఠతా వచ్చిన గుర్తులన్నీ ఆ పాఠకులకు రావు. ఇంకోటి, లె ఫాను దాచాలని పెద్దగా ప్రయత్నించినట్టు కూడా నాకనిపించదు. 1698 నాటి చిత్తరువు శుభ్రం చేయించి తెస్తే అందులో కార్న్‌స్టైన్ వంశపు కౌంటెస్ మిర్కల్లా అచ్చు కార్మిల్లాలాగే, గొంతు మీద పుట్టుమచ్చతో సహా ఉంటుంది. దాచదలచుకున్నవాడు సగం పుస్తకం కాకముందే ఆ బొమ్మ బయటపెట్టడు. పైగా లారా ఆ బొమ్మను తన గదిలో తగిలించుకుంటానని అడిగి మరీ తీసుకెళ్తుంది. లారా తల్లిది కూడా ఆ కార్న్‌స్టైన్ వంశమే అని ఒక్క వాక్యంలో చెప్పి వదిలేస్తాడు, చాలామంది ఆ వాక్యం దాటేసి పోతారు. వచ్చింది పరాయిది కాదు. తల్లి పుట్టింటి వైపు మనిషి.

ఇక మీకు విసుగొచ్చిన సగం. పదహారు అధ్యాయాల పుస్తకంలో పదో అధ్యాయం దగ్గర జనరల్ వస్తాడు. తన దగ్గర పెరిగిన బెర్తా ఎలా చనిపోయిందో చెప్పడం మొదలుపెడతాడు. విందు, ముసుగులేసుకున్న తల్లీకూతుళ్లు, పిల్లను మీ ఇంట్లో ఉంచుకోండి అని బతిమాలడం, తర్వాత బెర్తాకు జబ్బు. ఇవన్నీ మనం లారా విషయంలో చూసేశాం. అదే పాట రెండోసారి. మధ్యలో కట్టెలు కొట్టేవాడొకడు వచ్చి ఇంకో కథ చెబుతాడు. సస్పెన్స్ కోసం చదివేవాడికి విసుగు రాక ఏమవుతుంది?

లె ఫాను ఎందుకిలా చేశాడో నాకున్న ఊహ చెబుతాను. ఆయన డబ్లిన్‌లో ట్రినిటీ కాలేజీలో లా చదివాడు, 1839లో బారిస్టరయ్యాడు, కానీ ప్రాక్టీసు పెట్టకుండా పత్రికల్లోకి పోయాడు. ఆ సంపుటి మొత్తం డాక్టర్ హెసీలియస్ అనే ఆయన దాచుకున్న కేసు కాగితాల రూపంలో ఉంటుంది. కాబట్టి జనరల్ చెప్పేది కథలా కాక సాక్ష్యంలా రాశాడనుకుంటాను. మొదటి సాక్షి లారా, రెండో సాక్షి జనరల్, మూడోది చిత్తరువు, ఆ తర్వాత సమాధి. ఇద్దరు సాక్షులు ఒకరికొకరు తెలియకుండా ఒకేలా చెబితే కేసు నిలబడుతుంది. కోర్టుకు అది బలం, నవలకు అది బరువు. నేను దాన్ని సమర్థించడం లేదు.

కానీ ఆ అధ్యాయాలు ఇంకోలా చదవచ్చు. జనరల్ మాట్లాడుతున్నంతసేపూ లారా పక్కనే ఉండి వింటోంది. తన ఒంట్లో ఏం జరుగుతోందో మొదటిసారి ఇంకొకరి నోటి నుంచి వింటోంది, అది కూడా ఆ జబ్బుతో చనిపోయిన పిల్ల కథగా. మీరు జనరల్ మాటల మీద కాక లారా మౌనం మీద దృష్టి పెట్టి ఆ పేజీలు ఒకసారి చూడండి. విసుగు పూర్తిగా పోదు, తగ్గుతుంది.

దానికి ముందున్న డాక్టరు అధ్యాయం మాత్రం అస్సలు దాటేయకండి. రోజురోజుకూ నీరసించిపోతున్న లారాను డాక్టరు ప్రశ్నలడిగి, తండ్రిని పక్కకు తీసుకెళ్తాడు. ఇద్దరూ కిటికీ దగ్గర నిలబడి చాలాసేపు వాదించుకుంటారు. లారాకు వినబడదు. తర్వాత ఒంటి మీద మచ్చ చూసి, చివరికి టీచరమ్మను పిలిచి, ఈ పిల్లను ఒక్క నిమిషం కూడా ఒంటరిగా వదలొద్దు అని చెబుతారు. ఎందుకో లారాకు చెప్పరు. జబ్బు ఆమెది, ఒళ్లు ఆమెది, సంగతి మాత్రం మగవాళ్ల దగ్గర. ఒక బ్యాచ్‌లో మగపిల్లలు “రక్తం ఎప్పుడొస్తుంది సార్” అని గోల చేస్తుంటే, ప్రొద్దుటూరు అమ్మాయి ఒకతె ఈ అధ్యాయం చదివి చాలా కోపంగా వచ్చింది. “మా అక్క పెళ్లి సంబంధం ఇంతే సార్. వీధిలో అందరికీ తెలిశాక, చివర్లో దానికి చెప్పారు” అంది. ఆ రోజు ఇక పాఠం నేను చెప్పనక్కర్లేకపోయింది, వాళ్లలో వాళ్లే మాట్లాడుకున్నారు.

మీరు “హడావుడిగా ముగించాడు” అన్న చోటికి వద్దాం. అక్కడ జరిగింది హడావుడి కాదు, ఇంకా పెద్ద విషయం. మిర్కల్లా, అంటే మన కార్మిల్లా, సమాధి తవ్వినప్పుడు లారా అక్కడ లేదు. ఆమె చూడలేదు. తన తండ్రి దగ్గరున్న ప్రభుత్వ నివేదిక కాపీ చూసి రాస్తుంది. సీసపు పెట్టెలో ఏడు అంగుళాల లోతున రక్తం, అందులో మునిగి ఉన్న శరీరం, సన్నగా ఊపిరి, గుండె కొట్టుకోవడం, డాక్టర్ల ధృవీకరణ, గుండెలో మేకు, తల నరకడం, కాల్చి బూడిద నదిలో కలపడం. ఇది అక్షరాలా పంచనామా. తనను ప్రేమించిన మనిషి చావు గురించి లారాకు దొరికింది ఆ పంచనామా నకలే. ఇది నేను ప్రశాంతంగా రాస్తున్నాననుకోకండి, తలచుకుంటేనే వణుకు పుడుతుంది అని కూడా అక్కడే అంటుంది.

ఈ నివేదికలు రచయిత గాల్లోంచి పుట్టించినవి కావు. 18వ శతాబ్దంలో ఆస్ట్రియా ఏలుబడిలోని ఊళ్లలో పిశాచాల పేరుతో సమాధులు తవ్వడం, సైనిక డాక్టర్లు వచ్చి చూసి సంతకాలు పెట్టడం నిజంగా జరిగింది. సెర్బియాలో 1732లో అలా రాసిన నివేదిక యూరపంతా పాకింది. చివరికి మరియా థెరీసా మహారాణి 1755లో తన వైద్యుడు వాన్ స్వీటెన్ చేత విచారణ జరిపించి, ఇదంతా మూఢనమ్మకమని తేలాక ఈ తవ్వకాలు ఆపించింది. అది తెలిస్తే పదిహేనో అధ్యాయంలోని ఆ పొడిపొడి నివేదిక ధోరణి ఎక్కడిదో అర్థమవుతుంది.

ఇంత చెప్పినా, కొన్ని లోపాలు లోపాలే. బండిలో వచ్చి కార్మిల్లాను వదిలిపోయిన ఆ తల్లి ఎవరు? చివరిదాకా తెలియదు. ఆమెతో ఉన్నవాళ్లు ఏమయ్యారు? తెలియదు. పిశాచి తన అసలు పేరులోని అక్షరాలే అటూ ఇటూ మార్చి పేర్లు పెట్టుకోవాలన్న రూలు చివర్లో వచ్చేస్తుంది, ఎందుకో ఎవరూ చెప్పరు. మట్టి కదలకుండా సమాధిలోంచి ఎలా బయటికొస్తుందంటే అది ఎవరికీ అంతుబట్టని సంగతి అని రచయితే చేతులెత్తేస్తాడు. ఒకచోట ఇది జరిగి ఎనిమిదేళ్లయిందంటుంది లారా, ఇంకోచోట పదేళ్లు దాటిందంటుంది. సీరియల్ హడావుడిలో దొర్లి ఉంటుంది, మన వారపత్రికల సీరియళ్లు చదివి పెరిగినవాళ్లకు ఇలాంటివి కొత్తేమీ కాదు. బ్యారన్ అయితే నాకూ నచ్చడు. కథకు తాళం వేయడానికి తెచ్చిన మనిషిలా ఉంటాడు.

ఇంకో అభ్యంతరం మీరు చెప్పలేదు గానీ నా క్లాసులో చెప్పారు. ఇద్దరు ఆడపిల్లల మధ్య మోహాన్ని జబ్బుగా, పిశాచంగా చూపించి, చివరికి పెద్దమనుషులు కలిసి నరికేయడం ఏమిటని. న్యాయమైన అభ్యంతరమే. ఆ కాలపు భయం అందులో ఉంది. అయితే లె ఫాను ఆ భయానికి చివరి మాట ఇవ్వలేదు. అన్నీ తేలిపోయాక, ఇటలీ తిరిగొచ్చాక కూడా, కార్మిల్లా అడుగుల చప్పుడు డ్రాయింగ్ రూము తలుపు దగ్గర వినబడినట్టు ఉలిక్కిపడుతుంటాను అంటుంది లారా. అది భయమా, ఎదురుచూపా? చెప్పదు. నా మటుకు నాకు, ఆ ఒక్క వాక్యం బ్యారన్ చెప్పిన వివరణ మొత్తాన్నీ కొట్టేస్తుంది.

మీ కాపీలో ప్రోలాగ్ ఉందో లేదో ఒకసారి చూడండి. ఉంటే మొదట చదివి మర్చిపోయి ఉంటారు. హెసీలియస్ కాగితాలు అచ్చు వేయించే ఆయన ఈ కథ రాసిపెట్టిన ఆవిడతో, అంటే లారాతో, ఉత్తరాలు నడుపుదామని విచారిస్తే, ఈలోపు ఆమె చనిపోయిందని తెలిసినట్టు అందులో ఉంటుంది. ఎలా చనిపోయిందో ఉండదు. ముగింపు చదివిన వెంటనే ప్రోలాగ్ మళ్లీ చదవమని నేను పిల్లలకు చెప్పేవాణ్ణి. మీరూ అలాగే చేయండి. మీ కాపీలో ప్రోలాగ్ లేకపోతే, ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్ అనే పాత పుస్తకాల వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది. కొత్త ఎడిషన్ కొంటే మాత్రం విమర్శకుల ముందుమాట ఆఖర్న చదవండి, అందులో కథంతా చెప్పేస్తారు.

రెండోసారి చదివే ఓపిక ఉంటే, మొదటి తొమ్మిది అధ్యాయాలు మెల్లగా చదివి, జనరల్ భాగం మీద అలా కళ్లు పరిగెత్తించి, చివరి రెండు అధ్యాయాలు మళ్లీ మెల్లగా చదవండి. మొత్తం రెండోసారి చదవాల్సిన పని లేదు.

తర్వాత ఏం చదవాలన్నారు కదా. మానేయకండి, కానీ వెంటనే ‘డ్రాక్యులా’ మీద పడకండి, అది చాలా పెద్దది, అక్కడ కూడా వివరించే పెద్దమనిషి ఒకడున్నాడు, మీకు మళ్లీ ఒళ్లు మండుతుంది. ఈ సంపుటిలోనే మొదటి కథ ‘గ్రీన్ టీ’ చదవండి. పెద్ద కథంత ఉంటుంది, ఒకే బిగిన అయిపోతుంది. ఒక పాదిరీ గారికి చిన్న నల్లకోతి కనబడుతుంటుంది, ఆయనకు తప్ప ఇంకెవరికీ కనబడదు. వైద్యం చేస్తానన్న డాక్టరు ఈ హెసీలియస్ గారే. చివర్లో ఆయనిచ్చే వివరణ చదివి, బ్యారన్ మీద మీకున్న కోపం పెరిగిందో తగ్గిందో ఇక్కడే రాయండి.